ఎర్ర బండికి కొత్త గేర్ బాక్సు

జనవరి 19, సోమవారం

బండి దొరికింది.

వనపర్తిలో, కంట్రాక్టరు దొర పాత గోదాములో, గట్టిపడిన సిమెంటు సంచుల వెనక. ముప్పై ఏళ్లకు పైగా ఊరూరా మైకు పట్టుకొని నేను తిట్టిపోసిన ఎర్ర బండి — రెండే సీట్లు, పైకప్పు లేదు, కూర్చొని చేయి దించితే రోడ్డు తగిలేంత పొట్టి. దొర పోయి చాలా కాలమైంది. కొడుకు గోదాం ఖాళీ చేస్తున్నాడు.

"తీస్కపో దానియేలన్నా. మా నాయిన డ్రైవర్‌వు నువ్వు. నడిపింది నువ్వే, బోల్త కొట్టింది నువ్వే. మాకెందుకిది?" అని తాళం చెవి చేతిలో పెట్టాడు.

సీటు మీద చేయి వేశాను. తోలు పగిలింది. వాసన మాత్రం అదే... పెట్రోలు, ఎండ, దుమ్ము. ఇరవై నాలుగేళ్ల పెంటయ్య ఆ వాసనలో ఇంకా కూర్చొనే ఉన్నాడు. బాప్తిస్మం తీసుకున్న దానియేలును చూసి గుర్తుపట్టలేదు.

జనవరి 21, బుధవారం

కల్వకుర్తి నుంచి ప్రకాశం ఫోను. అక్కడి సంఘ పెద్ద; నా సాక్ష్యం విని మారినవాడు. ఫిబ్రవరి పద్నాలుగున ఉజ్జీవ సభ. బండి సంగతి అప్పుడే అక్కడికి చేరింది.

"అన్నా, బండినే తీస్కరా. స్టేజి పక్కకు నిలవెడ్తం. సైతానును మోసిన బండి సువార్తను మోస్తది. జనం ఎట్ల ఎగబడ్తరో సూడు."

ఆమేన్ అనేశాను. నోరు ముందు, బుద్ధి వెనక — ఈ రోగానికి నేను ఎన్ని ఉపవాసాలు చేసినా తగ్గలేదు.

ఇంజను పరవాలేదు. బ్యాటరీ పెట్టి, నూనె మార్చి తిప్పితే దగ్గి, ఉమ్మి, లేచింది. చచ్చింది గేర్ బాక్సే. బండి పల్టీ కొట్టిన రోజు వాలులో బిగుసుకున్నది బిగుసుకున్నట్టే ఉంది. ఆ సామాను ఇప్పుడు ఎక్కడా లేదు. దొరికినా లాభం లేదు. అంత ఇంజనుకు ఆ బాక్సు మొదటి నుంచీ చాలేది కాదు. ఐదు గేర్ల గట్టి బాక్సు ఏదైనా తెచ్చి దీనికి అతకాలి. అతకగలిగిన మనిషి నాకు తెలిసి ఒక్కడే.

మౌలాలి ఉస్తాద్.

జనవరి 22, గురువారం

వనపర్తి బస్సు ఎక్కుదామని గద్వాల బస్టాండు దాకా పోయి, ఎక్కకుండానే తిరిగొచ్చాను.

నా సాక్ష్యం నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. "నేను తాగుబోతును. నా బండి కట్టిన మెకానిక్కు నాకంటె తాగుబోతు. తాగిన చేతితో గేర్ బాక్సులో, గేరు జారకుండా పట్టే ఒక క్లిప్పు వేయడం మరిచాడు. వాలులో గేరు జారింది, బండి పల్టీ కొట్టింది. దేవుడు నా ఎముక ఒకటి విరిచి నా ఆత్మను అతికించాడు." ఇక్కడికి రాగానే స్త్రీల వైపు ఏడుపు మొదలవుతుంది. తిమ్మాజిపేటలోనూ ఇక్కడే. వీపనగండ్లలోనూ ఇక్కడే.

ఆ మెకానిక్కు మౌలాలి ఉస్తాదే. నా చేతికి స్పానరు ఇచ్చినవాడు. దవాఖాన మంచం మీద ఉండి దొరకు ఇదే మాట చెప్పాను. దొర అదే రోజు ఉస్తాద్‌ను ఆనకట్ట కాలనీ వర్క్‌షాపు నుంచి వెళ్లగొట్టాడు. రాయచూరు పోయాడనీ, పదేళ్లకు వనపర్తి తిరిగొచ్చాడనీ విన్నాను. చూడలేదు. చూడబోలేదు.

జనవరి 23, శుక్రవారం

పోయాను. వనపర్తిలో అల్లుడి పంక్చరు దుకాణం ముందు కుర్చీలో ఉన్నాడు ఉస్తాద్. గడ్డమంతా తెలుపు. చేతులు వణుకుతున్నాయి — చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకొని తాగుతున్నాడు. తల ఎత్తి నా వైపు చూశాడు.

"పెంటిగా?"

ఈ భూమి మీద నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏడుస్తవేంది బే. బండి యాడుంది?"

నా బాగోగులు అడగలేదు. తన బాగోగులు చెప్పలేదు. గేర్ బాక్సు మార్చాలంటే తల ఊపాడు. షరతు ఒక్కటే — "పాతదాన్ని ముందు ఇప్పుదం."

"అదెందుకు ఉస్తాద్, తుక్కే గదా. టైం లేదు."

"సచ్చినదాన్ని ఇప్పి సూడకుంట కొత్తదాన్ని నేనెప్పుడన్న పెట్టిన్నా? టైం లేకుంటే ఇంకోన్ని సూస్కో పో."

నిజమే. ఎప్పుడూ పెట్టలేదు. కాలనీ వర్క్‌షాపులో ఏ ఇంజను చచ్చినా గోనెపట్టా పరిచేవాడు. ఊడదీసిన ముక్కలన్నీ వచ్చిన వరుసలోనే దాని మీద పేర్చేవాడు. మమ్మల్ని ఎదుట కూర్చోబెట్టి, "అదేం జెప్తుందో ఇనుండ్రి" అనేవాడు. చావింట్లో కూర్చున్నట్టు నోరు మూసుకొని కూర్చునేవాళ్లం. చచ్చిన కారణం తేలేదాకా కొత్త సామానును ఎవరూ ముట్టరాదు.

జనవరి 25, ఆదివారం

గద్వాలలో ప్రసంగం. గట్టిగానే చెప్పాను. గొంతు పోయింది. మనసు గోదాములో.

జనవరి 27, మంగళవారం

బండిని బయటికి నెట్టి కడిగాం. మట్టి కిందనుంచి ఎరుపు తేలుతుంటే మనసు ఆగలేదు. ఎన్నిసార్లు దీన్ని సైతాను వాహనమన్నాను! దేవుడు వినడనుకున్నానేమో... ఎంత అందంగా ఉండేది.

ఆనకట్ట పనుల కాలం. సాయంత్రం దొర గ్లాసులోకి రాయచూరు నుంచి ఐసు గడ్డ తేవాలి. గోనెలో చుట్టి, ఊకలో పెట్టి, పక్క సీటు మీద కూర్చోబెట్టేవాణ్ణి. గడ్డ కరగక ముందే కాలనీ చేరాలి — నా ఉద్యోగమంతా ఇంతే. సగం కరిగితే తిట్లు. అందుకే నాకు స్పీడు వచ్చింది. పాపం వల్ల రాలేదు, ఐసు వల్ల వచ్చింది. ఈ మాట ఏ సాక్ష్యంలోనూ చెప్పలేదు. కృష్ణ దగ్గరికి వచ్చేసరికి గాలి మారేది. చెమట ఆరేది. జొన్న చేలు రెండు వైపులా. ముందు దుమ్ము లేదు, ఉన్న దుమ్మంతా నా వెనకే. లోకంలో అంత సుఖం నేను మళ్లీ ఎరుగను. ప్రార్థనలో కూడా... వద్దు. రాసిందాన్ని కొట్టేయను.

ఉస్తాద్ గొట్టం పట్టుకొని నీళ్లు చల్లుతూ, "ఐసు యాదికుందా? ఒకపారి దొర తాగకముందే మనమే చప్పరిస్తిమి" అని పకపకా నవ్వాడు.

నవ్వుతున్నాడు నాతో.

జనవరి 28, బుధవారం

నాగర్‌కర్నూల్. పాత సామాను దుకాణం. పల్టీ కొట్టిన జీపు ఒకటి. దాని గేర్ బాక్సు దెబ్బ తినలేదు. ఐదు గేర్లు. ఉస్తాద్ దాని పక్కన నేల మీద కూర్చొని, చెవి ఆనించి, షాఫ్టును వేలితో తిప్పాడు. మళ్లీ తిప్పాడు. "బరువు గుంజి బతికింది. ఇది ఆగుతది" అన్నాడు.

ఆటోవాడి కోసం చూడకుండా బస్సు ఎక్కించాం. కండక్టరు చూసి నోరు తెరిచాడు.

"ఏందయ్యా ఇది?"

"మా మామ. నడువలేడు" అన్నాడు ఉస్తాద్.

"మామకు టికెట్ గొట్టాల్నా?"

"సీనియర్ సిటిజన్ బిడ్డా. జర చూసి కొట్టు."

బస్సంతా నవ్వు. నేనూ నవ్వాను, కడుపు పట్టుకొని. గేర్ బాక్సు నా కాళ్ల మధ్య. నల్లటి నూనె నా తెల్ల ప్యాంటు మీద. ఎన్నేళ్లయింది నేను ఇట్లా నవ్వి...

జనవరి 30, శుక్రవారం

పాతదాన్ని విప్పాం.

గోనెపట్టా. వరుస. ఉస్తాద్ చేతులు వణికినా స్పానరు జారలేదు. మూత తీశాడు. నల్లగా గడ్డకట్టిన నూనె. కిరసనాయిలుతో కడిగాడు. ఒక్కొక్కటే బయటికి వస్తోంది, పట్టా మీదికి చేరుతోంది. నేను క్లిప్పు కోసం చూస్తున్నాను — లేని క్లిప్పు కోసం. అది ఉండాల్సిన గాడి ఖాళీగా కనిపిస్తుందని, ఇన్నేళ్ల నా నోటికి ఆ ఖాళీయే రుజువని.

క్లిప్పు ఉంది.

గాడిలో, బిగువుగా, నిండుగా. ఉస్తాద్ స్క్రూడ్రైవరు మొనతో దాన్ని రెండుసార్లు తట్టాడు. తర్వాత మొదటి గేరు బయటికి తీశాడు. దాని పళ్లు రాలాయి. సగం చక్రం గుండు. రాలిన పళ్లన్నీ అడుగున, మరొక చక్రం సందులో ఇరుక్కొని...

"గిది ఫస్టు గేరు" అన్నాడు.

రాలిన పన్ను ఒకటి వేలితో తీసి చూశాను.

"టాపుల నుంచి థర్డుకు దించబోయి ఫస్టుకు కొట్టినవ్. ఎంత స్పీడుల ఉన్నవ్?"

"...డెబ్బై. ఎనబై."

"ఊఁ. గట్ల కొడ్తే ఏ గేరైనా పండ్లు రాలగొట్టుకుంటది."

అంతే. చెయ్యి తుడుచుకొని చాయ్‌కి పోయాడు. నేను పట్టా ముందు ఒక్కణ్ణే. దావీదు రాజు తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త ఎదుట నిలబడి, ఆ మనిషివి నువ్వేనని వేలు చూపించాడని ఎన్నిసార్లు వాక్యం చెప్పలేదు! నా నాతానుకు వేలు కూడా లేదు. గుండ్రటి చిన్న ఇనుప ముక్క.

జనవరి 31, శనివారం

అబద్ధమని తెలిసే చెప్పానా? నన్ను నేను గుంజకు కట్టి అడుగుతున్నాను.

దవాఖానలో దొర మంచం పక్కన నిలబడి, "ఏమైందిరా" అన్నాడు. భయం. "గేరు జారింది దొరా. రాత్రి ఉస్తాద్ తాగి ఉండె." ఉస్తాద్ తాగింది నిజం. గేరు నా చేతిలోనే అదుపు తప్పిందీ నిజం. రెండు నిజాలను పక్కపక్కన పెట్టి ఒక అబద్ధం కట్టాను. "క్లిప్పు మరిచిండేమో" అన్నది దొర వెంట వచ్చిన మరో మెకానిక్కు. ఆ "ఏమో" కొన్నాళ్లు ఉంది. పదో సభకో, ఇరవయ్యో సభకో రాలిపోయింది. తర్వాత అది నాకే జ్ఞాపకమైపోయింది... ఉస్తాద్ మరిచిపోవడం నేను కళ్లారా చూసినట్టు.

అబద్ధ సాక్ష్యం పలకరాదని రాతి పలకల మీద చెక్కి ఉంది. దాన్ని బోధించినవాణ్ణి నేను.

ఫిబ్రవరి 1, ఆదివారం

సంఘంలో లేచి నిలబడ్డాను. గ్రంథం తెరిచాను. మూశాను. జ్వరమని చెప్పి కూర్చున్నాను.

ఫిబ్రవరి 3, మంగళవారం

నా భార్య సంపూర్ణకు చెప్పాను. రొట్టె తడుతూ వింటోంది. చెయ్యి ఆగలేదు.

"నేను సూసిన గదా" అంది.

"ఏం చూసినవ్?"

"కాలువ పని కాడ నేను నీళ్లు మోస్తుంటి. నువ్వు పై నుంచి వస్తున్నవ్. ఒక చెయ్యి గేరు మీద ఉంది, ఒక చెయ్యి నాకు ఊపుతున్నవ్. స్టీరింగు ఎవరు పట్టుకున్నరని నేను నవ్విన. గంతల్నే బండి లేని గొంతుతోని అరిచింది."

నిజం. ఆమె ముందు ఇంజను గర్జించాలని గేరు దించబోయాను. ఆమె కోసమే. నా ప్రతి సభలో ముందు వరుసలో కూర్చొని ఈమె ఇదంతా విన్నది.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

రొట్టె పెనం మీద వేసింది. చాలాసేపు తిప్పలేదు. "నేను నవ్వబట్టే పడ్డవని నాకు బుగులు, భయం. నువ్వు క్లిప్పు అంటివి... పోనీ, నా నవ్వు కాదు కదా అనుకున్న."

రొట్టె మాడింది. ఇద్దరం అదే తిన్నాం.

ఫిబ్రవరి 4, బుధవారం

ఇనుము తొలిచే లేత్ దుకాణం దగ్గర. ఇంజను రంధ్రాలు వేరు, జీపు బాక్సు రంధ్రాలు వేరు. మధ్యలో ఇనుప ప్లేటు ఒకటి పడాలి — ఒక ముఖం దీనికి, ఒక ముఖం దానికి. ఉస్తాద్ అట్ట కాగితం పెట్టి, నూనె చేత్తో అద్ది, రంధ్రాల అచ్చు తీశాడు. లేత్ అతను కంప్యూటర్లో గీసుకుంటానంటే, "గీస్కో. మల్ల నా అట్ట మీద పెట్టి సూడు" అన్నాడు. పెట్టి చూశాడు. ఒక రంధ్రం దగ్గర లేత్ అతనిదే తప్పు.

ఇటువంటి చేతిని నేను తాగుబోతు చేయి అన్నాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

అడిగేశాను. ప్లేటు బిగిస్తున్నాడు, నేను కింద పడుకొని బాక్సును ఎత్తి పట్టుకున్నాను. ముఖాలు కనిపించవు. అందుకే నోరు వచ్చింది.

"ఉస్తాద్... నేను సభలల్ల నీ గురించి..."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"వనపర్తిల మైకు పెట్టి చెప్తివి గదా. మా ఇంటి పొంటే మైకు స్తంభం. మా ఆమె కిటికీ మూసింది." బోల్టు ఒక చుట్టు తిప్పాడు. "తాగిన. తాగింది నిజమే. క్లిప్పు మాత్రం మరువలే. నాకు తెలుసు, మరువలేదని. గని నా మాట ఎవరికి కావాలె? నీకు మైకు ఉండె."

"మరి పిలిస్తే ఎందుకొచ్చినవ్?"

"బాక్సు ఇప్పనీకి."

బరువు ఛాతీ మీద. ఎత్తి పట్టుకొనే ఉన్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

ప్రకాశానికి ఫోను చేశాను. సాక్ష్యం మార్చి చెప్తానన్నాను, ఎందుకో చెప్పాను.

"అన్నా, ఆ సాక్ష్యం ఇనే నేను తాగుడు మానిన. నా పిల్లలు అన్నం తిన్నరు. ఇప్పుడు అది అబద్ధమంటే... నా మానుడు ఏమైతది?"

"నీ మానుడు నిజం తమ్ముడూ."

"నాకు ఎరుకనే. సంఘంల ఇంకా తాగెటోళ్లున్నరు గదా, వాళ్లకు సందు దొరుకుతది. ఈ ఒక్కపారికి పాతదే చెప్పన్నా. తర్వాత సూద్దం."

ప్రార్థన చేసి చెప్తానని తడబడుతూ ఫోను పెట్టేశాను. నా మాట తడబడడం ప్రకాశం ఎన్నడూ వినలేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

కొత్త బాక్సు ఎక్కింది.

నేల రేకు కోయాల్సి వచ్చింది. జీపు గేరు కర్ర జానెడు వెనక్కి వచ్చింది. వెనక చక్రాలకు పోయే పొడుగు షాఫ్టును ఆ మేరకు కోసి మళ్లీ అతికించాం. కింద కొత్త ఇనుప పట్టీ. నూనె పోసి మూత బిగించాక ఉస్తాద్ ఏదో నోట్లో అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. ఒకరి మాట ఒకరం అడగలేదు.

పాత ముక్కలు అట్లాగే పట్టా మీద. తీసేయమనలేదు ఆయన. నేనూ తీయలేదు.

ఫిబ్రవరి 12, గురువారం

నడిచింది!

నేను స్టీరింగు. ఉస్తాద్ పక్క సీటు. "క్లచ్ తొక్కు" అన్నాడు. గేరు కర్ర మీద చెయ్యి తనదే. నాకు నేర్పినప్పుడు ఇట్లాగే — కాళ్లు నావి, గేరు ఆయనది, నేను చెవితో నేర్చుకోవాలి. ఒకటి... రెండు... కొత్తకోట రోడ్డు మీద మూడు, నాలుగు. చెయ్యి వణుకుతోంది, దానితో కర్ర కూడా. గేరు మాత్రం సాఫీగా పడుతోంది. వేరుసెనగ చేలు, పైన ఎండ, ముఖానికి గాలి. ఐదోది వేశాక ఇంజను గొంతు తగ్గింది. ఇంత నిమ్మళంగా ఈ బండి ఎన్నడూ పోలేదు.

"ఇదీ దీనికి కావాల్సింది. గప్పుడు దొర కొననీయలే" అన్నాడు.

అరవైకి దగ్గర పడ్డ మనిషిని. గట్టిగా అరవాలనిపించింది. అరిచాను. ఆయన కూడా.

ఫిబ్రవరి 13, శుక్రవారం

రేపు సభ. సువార్తలోని సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇచ్చాడు. మనిషి పేరును నాలుగింతలు ఎట్లా ఇవ్వాలి?

ఉస్తాద్‌కు చెప్పాను — రేపు స్టేజి మీద నీ పేరు చెప్పి, నీ తప్పు లేదని చెప్తాను.

పానా కింద పెట్టాడు. ఆయన కోపం నేను మొదటిసారి చూశాను.

"ఎత్తకు. మంచిగ గాని చెడ్డగ గాని మైకుల నా పేరు ఎత్తకు. గప్పుడు ఎత్తితివి, పని పోయింది. ఇప్పుడు ఎత్తితే జనం నన్ను సూడనీకి వస్తరు, పాపం ముసలోడని. వద్దు. బ్యాడప్పా, బ్యాడ."

"మరి నువ్వు రేపు రావా?"

"బాక్సు కొత్తది. దారిల ఏమన్న అయితే? వస్త."

ఫిబ్రవరి 14, శనివారం. కల్వకుర్తి, మధ్యాహ్నం

వచ్చాం. బిజినేపల్లి దాటాక దారంతా పిల్లలు చేతులు ఊపారు. బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు. సంపూర్ణ బస్సులో వచ్చింది.

స్టేజి పక్కన నిలిపాం. ప్రకాశం పూలదండ తెచ్చి బానెట్ మీద వేశాడు, నా కళ్లలోకి చూడలేదు. జనం చుట్టూ మూగారు. ఉస్తాద్ సీటులోంచి లేవలేదు — మోకాళ్లు పట్టేశాయన్నాడు. వీపనగండ్ల నుంచి వచ్చినతను ఒకడు ఉస్తాద్ చెయ్యి అందుకున్నాడు. మంచివాడు, కళ్లనిండా నీళ్లు.

"పెద్దాయనా, నువ్వేనా ఆ క్లిప్పు మరిచిన మెకానిక్కువు? నీ చెయ్యి తప్పబట్టే గదా ఇంతమంది మారిండ్రు. మా అన్న కూడా. దేవుడు నీ తప్పును కూడా వాడుకున్నడు."

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిచాను.

ఉస్తాద్ నా వైపు చూశాడు. తర్వాత అతని వైపు తిరిగి—

"ఆఁ. నేనే" అన్నాడు.

ముప్పై ఏళ్లు ఒప్పుకోని మాట. ఇప్పుడు, నా జనం ముందు, నన్ను కాపాడడానికి ఒప్పుకున్నాడు.

షామియానా వెనక కుర్చీలో కూర్చొని రాస్తున్నాను. మైకు సరి చూస్తున్నారు. నా పేరు ఎత్తకు అన్నాడు ఉస్తాద్. పాతదే చెప్పు అన్నాడు ప్రకాశం. సంపూర్ణ ఈసారి స్త్రీల వైపు కూర్చోకుండా బండి పక్కన నిలబడింది. పేరు ఎత్తకుండా ఒక మనిషి పేరును ఎట్లా తిరిగి ఇవ్వాలో ఏ అధ్యాయంలోనూ దొరకడం లేదు.

మొదటి వాక్యం మూడుసార్లు రాశాను, మూడుసార్లు కొట్టేశాను.

ప్రకాశం పిలుస్తున్నాడు — "మన దానియేలన్న... ఆ ఎర్ర బండి సాక్ష్యం..." చప్పట్లు. ఇక్కణ్ణుంచి బండి కనిపిస్తోంది. ఉస్తాద్ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకొని, ఒకదాన్ని ఒకటి పట్టుకొని, స్టేజి దిక్కే చూస్తున్నాడు.

లేస్తున్నాను. ఏం రాబోతోందో ఈ నోటికి ఇంకా...